తొమ్మిదిన్నర వారాలు, రెండు కిలోమీటర్లు: ఒక టీబీ కేసు

రమణమ్మ అన్నది అసలు పేరు కాదు. "పేరు మాత్రం వద్దు మేడం, మా ఓనరన్న ఫోన్లో వచ్చేవన్నీ చదువుతాడు" అంది. మిగతాది రాసుకోమంది. అందుకని పేరు, పనిచేసే పీజీ తప్ప అంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

వయసు 38. కదిరి పక్కన పల్లె. బెంగళూరుకొచ్చి పదకొండేళ్లయింది. మారతహళ్లి దగ్గర ఒక తెలుగు పీజీలో వంట చేస్తుంది. పొద్దున ఐదింటికి ఇడ్లీ కుక్కర్లతో మొదలుపెడితే రాత్రి పదికి పెద్ద గిన్నెలు కడిగేదాకా పనే, అరవై మంది కుర్రాళ్లకు మూడు పూటలా వండాలి, సాయానికి ఒక అమ్మాయి ఉంటుంది. భర్తది సెంట్రింగ్ పని. ఇద్దరూ మున్నెకొళాలలో ఒంటి గది అద్దెకు తీసుకుని ఉంటారు. నాలుగేళ్ల కూతురు ఊళ్లో అత్తగారి దగ్గర పెరుగుతోంది. నా క్లినిక్ వాళ్ల ఇంటికి నడిచే దూరం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా మనవాళ్లే, ఎక్కువగా అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి.

వైద్యం వరకు చూస్తే ఇది చాలా మామూలు కేసు. ఊపిరితిత్తుల టీబీ, మామూలు మందులకే లొంగింది, ఆరు నెలల్లో నయమైంది. నేను రాయాలనుకున్నది అంతకుముందు జరిగిన దాని గురించి. దగ్గు మొదలైన రోజు నుంచి రిపోర్టు చేతికొచ్చేదాకా తొమ్మిదిన్నర వారాలు పట్టింది, ఆ పరీక్షకు పైసా తీసుకోకుండా తెమడ తీసుకునే చోటేమో ఆమె ఇంటికి రెండు కిలోమీటర్లు కూడా లేదు. ఆ తొమ్మిదిన్నర వారాల్లో చివరి రెండు నా వల్ల పోయాయి.

నా దగ్గరికి రాకముందు

వినాయక చవితి అయిన వారం పది రోజులకు పొడి దగ్గు మొదలైంది. తాలింపు ఘాటు వల్లేమో అనుకుంది. వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను పాడై చాలా రోజులైంది, ఎండుమిర్చి వేగితే ఆ పొగ అక్కడే తిరుగుతుంది, కాబట్టి అలా అనుకోవడంలో తప్పేం లేదు. మెడికల్ షాపులో చెబితే సిరప్పు, మూడు రోజుల అజిత్రోమైసిన్ ఇచ్చారు. తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం, రాత్రి జాకెట్టు తడిసేంత చెమట. అన్నం సహించడం లేదని చెప్పింది, వండే వాసనకే కడుపు నిండిపోయినట్టుంటుందట.

దసరా అయ్యాక ఒక క్లినిక్‌కి వెళ్లింది. అక్కడ ఏడు రోజులకు లివోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. జ్వరం తగ్గింది, దగ్గు సగమైంది, నయమైపోయిందనుకుని మానేసింది. పది రోజుల్లో రెండూ మళ్లీ మొదలయ్యాయి. ఇక్కడ నా తోటి డాక్టర్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించకుండా లివోఫ్లాక్ససిన్ లాంటి మందు రాయకండి. అది టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తుంది, అందుకే నాలుగు రోజులు తగ్గినట్టు కనిపిస్తుంది, పరీక్ష ఇంకా వెనక్కి పోతుంది. పైగా మొండి టీబీకి, అంటే మామూలు మందులకు లొంగని టీబీకి, వాడే మందుల్లో అదీ ఒక ముఖ్యమైనది, దాన్ని ఇలా అరకొరగా వాడి క్రిమికి అలవాటు చేస్తే తర్వాత ఆ మనిషికి ఇవ్వడానికి మన చేతిలో ఏం మిగులుతుంది?

దీపావళి ముందు ఎవరో "టీబీ ఏమో చూపించుకో" అన్నారు. పీజీలో ఉండే ఒక అబ్బాయి ఫోన్లో వెతికి ఒక ప్రైవేటు ల్యాబుకు బుక్ చేసిపెట్టాడు. పాపం మంచి మనసుతోనే చేశాడు. రక్తం తీసుకున్నారు, రెండు వేల పైచిలుకు అయింది, రిపోర్టు నెగటివ్ వచ్చింది. అది ఇగ్రా అనే పరీక్ష. ఒంట్లోకి ఎప్పుడైనా టీబీ క్రిమి చేరిందా లేదా అని మన రక్షణ కణాలను అడిగే పరీక్ష, అంతే. ఇప్పుడు జబ్బు నడుస్తోందా లేదా అన్నది అది చెప్పదు. జబ్బు నడుస్తున్నవాళ్లలోనే కొందరికి, ముఖ్యంగా చిక్కిపోయిన వాళ్లకు, నెగటివ్ వస్తుంది కూడా. కానీ రమణమ్మకు కాగితం మీద "నెగటివ్" కనిపించింది, రెండు వేలు పెట్టి కొన్న మాట కాబట్టి దాన్ని నమ్మింది.

రక్తంతో టీబీ తేల్చే యాంటీబాడీ పరీక్షలు, అంటే ఐజీజీ, ఐజీఎం అని రాసి ఉండేవి, మన దేశంలో 2012లోనే నిషేధించారు. ఇగ్రా ఆ జాతిది కాదు, దానికి దాని పని ఉంది, ఇంట్లో రోగితో ఉన్నవాళ్లలో లోపల నిద్రపోతున్న క్రిమి ఉందేమో చూడటానికి పనికొస్తుంది. దగ్గుతున్న మనిషికి కావలసింది మాత్రం తెమడ పరీక్ష.

నేను చేసిన తప్పు

దీపావళి అయిన తర్వాతి వారం నా దగ్గరికి వచ్చింది. చూడగానే అనుమానం వచ్చింది. బరువు 41 కిలోలు, వేసవిలో 47 ఉండేదట. ఎత్తు 152 సెంటీమీటర్లు. నాడి 104, జ్వరం 100.2. కుడి ఊపిరితిత్తి పైభాగంలో స్టెత్‌తో చిరచిర శబ్దం వినిపిస్తోంది. ఎక్స్‌రే తీయిస్తే అక్కడే మచ్చలు, మధ్యలో చిన్న గుల్ల. ఎక్స్‌రే చూసి అనుమానపడొచ్చు కానీ దాన్ని బట్టే మందు మొదలుపెట్టకూడదు, అలాంటి మచ్చలు వేరే జబ్బుల్లో కూడా వస్తాయి, మొండి రకమో కాదో ఎక్స్‌రే చెప్పలేదు.

ఇంతవరకు సరిగ్గానే చేశాను. తర్వాత నా చీటీ మీద "తెమడ, సీబీనాట్ పరీక్ష" (తెమడలో టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) అని రాసి, "గవర్నమెంటు ఆసుపత్రిలో ఫ్రీగా చేస్తారమ్మా, వెళ్లండి" అని పంపించేశాను. బయట ఇంకా పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు.

పదో రోజు మళ్లీ వచ్చింది. నేను రిపోర్టు కోసం చెయ్యి చాపాను. లేదంది.

"పోయినా మేడం. రెండు తూర్లు పోయినా. మొదటితూరి టైం అయిపోయింది, రేపు రమ్మన్నారు. రేపంటే నాకు లీవు దొరకదు, నాలుగు దినాలకు మళ్లీ పోయినా. ఈ చీటీ కాదు, ఇంకొక ఫారం తెమ్మన్నారు. ఎక్కడ తేవాలో ఎవురూ చెప్పలేదు. రెండు దినాల జీతం కోసినారు. ఇంక ఊరుకుంటి."

మరి ఈ రోజు ఎందుకొచ్చారు అని అడిగితే కొంగు చివర చూపించింది. తెమడతో పాటు నెత్తురు చార పడిందట పొద్దున, దాన్ని కొంగుతో తుడుచుకుంది. భయమేసి వచ్చింది.

ఆమె వెళ్లింది ఊరి నడిబొడ్డునున్న ఒక పెద్ద ఆసుపత్రికి. రెండు బస్సులు మారాలి. "గవర్నమెంటు ఆసుపత్రి" అని నేనన్నప్పుడు ఆమెకు తెలిసిన గవర్నమెంటు ఆసుపత్రి అదొక్కటే. అక్కడివాళ్లను నేను అనను, అంత రద్దీలో ఉన్నవాళ్లు ఏ కాగితంతో రావాలో అదే అడుగుతారు. ఆ కాగితం నేను ఇవ్వలేదు. ఎక్కడికి వెళ్లాలో, ఏ గదికి వెళ్లాలో, ఎన్నింటిలోపు వెళ్లాలో చెప్పలేదు. చెప్పాలంటే నాకే తెలియదు. ఆరేళ్లుగా ఆ ఏరియాలో ప్రాక్టీసు చేస్తున్నాను, ఏటా పదిమందికైనా ఈ మాట చెప్పి పంపి ఉంటాను, వాళ్లలో ఎంతమంది నిజంగా వెళ్లారో, ఎంతమంది రమణమ్మలా తిరిగి తిరిగి ఊరుకున్నారో నేను ఎప్పుడూ వాకబు చేయలేదు. ఆ రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు.

ఒక ఫోను

అదే రోజు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని 1800-11-6666కి ఫోన్ చేశాను. ఇది జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం వాళ్ల టోల్ ఫ్రీ నంబరు, నిక్షయ్ సంపర్క్ అంటారు. పిన్‌కోడు అడిగారు, రోగి పరిస్థితి అడిగారు, దగ్గరలో ఉన్న కేంద్రం పేరు చెప్పారు. అది ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, నా క్లినిక్ నుంచి స్కూటీ మీద ఎనిమిది నిమిషాలు. దాని ముందు నుంచి నేను కొన్ని వందల సార్లు వెళ్లి ఉంటాను.

సోమవారం పొద్దున క్లినిక్ మూసి నేను కూడా వెళ్లాను. ఆమెకు తోడుగా అనే కంటే, ఆ దారి ఎలా ఉంటుందో నేను ఒకసారి నడిచి చూడాలనిపించింది. గేటు దగ్గర బోర్డు కన్నడంలో ఉంది. టీకాలు, గర్భిణుల చెకప్ అని పెద్దక్షరాలు, "కఫ పరీక్షె" అన్నది లోపల వెనక వరండాలో ఒక తలుపు మీద చిన్న కాగితం. తెమడను కన్నడంలో కఫ అంటారు. మనకూ ఆ మాట తెలుసు కాబట్టి రమణమ్మ అర్థం చేసుకుంది. కానీ అది ముందు హాల్లో నిలబడితే కనబడదు, ఓపీ లైనులో నిలబడితే గంట పోతుంది, నేరుగా వెనక్కి వెళ్లొచ్చని ఎవరో ఒకరు చెప్పాలి. ల్యాబులో ఉన్నావిడ ఫారం తనే తీసి రాసుకుంది. ఆధార్ అడిగింది, అది కదిరి అడ్రసుతో ఉంది, ఏం పర్వాలేదు అంది. చాలామంది మనవాళ్లు "మనది ఆంధ్రా కార్డు, ఇక్కడ చూడరు" అని వెళ్లరు. అలాంటిదేమీ లేదు. ఏ రాష్ట్రం వాళ్లైనా, ఏ జిల్లాలోనైనా పరీక్ష, మందులు ఉచితమే.

ఉమ్ము వేరు, తెమడ వేరు

ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే పరీక్ష ఎంత గొప్పదైనా డబ్బాలో పడింది సరైనది కాకపోతే రిపోర్టు తప్పే వస్తుంది.

ల్యాబావిడ మూత ఉన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఇచ్చి ఏదో చెప్పింది. రమణమ్మ బయటికి వెళ్లి రెండు నిమిషాల్లో వచ్చేసింది. ఆవిడ గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. నీళ్లలా ఉంది, పైన నురగ. అది ఉమ్ము. అప్పుడావిడ లేచి బయటికొచ్చింది. భవనం వెనక మునగచెట్టు కింద ఖాళీ జాగా ఉంది, గాలి బాగా ఆడుతుంది, అక్కడ నిలబెట్టింది. ముందు మంచినీళ్లతో నోరు పుక్కిలించమంది. తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చి, కాసేపు ఆపి, వదిలేయమంది. మళ్లీ ఒకసారి. మూడోసారి పీల్చినప్పుడు పొట్ట మీద చెయ్యి పెట్టి, ఇక్కడి నుంచి దగ్గు అని చేసి చూపించింది. తను మూడడుగులు పక్కకు జరిగి, గాలి వచ్చే వైపు నిలబడింది. రమణమ్మ వంగి దగ్గింది, గొంతు దగ్గర కాకుండా లోపలి నుంచి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి గొట్టంలో పడింది చిక్కగా, పసుపు పచ్చగా, కోడిగుడ్డు సొనలా అంటుకుంటూ ఉంది. కనీసం రెండు మిల్లీలీటర్లు ఉండాలి. ఆవిడ మూత బిగించి, గొట్టం మీద పేరు రాసి, ఇంకో ఖాళీ గొట్టం చేతిలో పెట్టింది: రేపు పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, నోరు పుక్కిలించుకుని, ఇంటి బయట లేదా మేడ మీద. పది నిమిషాల పని. ఎంబీబీఎస్‌లో నాకు ఇది ఎవరూ ఇలా నేర్పలేదు.

మంగళవారం ఉదయం తెచ్చిన రెండో నమూనా ఇంకా బాగా వచ్చింది, రాత్రంతా లోపల పేరుకున్నది కదా. ఒకటి అక్కడే మైక్రోస్కోపు కింద చూశారు, ఒకటి సీబీనాట్ మిషను ఉన్న చోటికి పంపించారు. ఈ రెండింటికీ తేడా రోగికి కూడా తెలియాలి. మైక్రోస్కోపులో కనబడాలంటే ఒక మిల్లీలీటరు తెమడలో క్రిములు 5,000 నుంచి 10,000 దాకా ఉండాలి. సీబీనాట్ క్రిమి జన్యువును పట్టుకుంటుంది, నూట ముప్పై క్రిములున్నా చాలు, పైగా రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది, మిషన్లో పెట్టాక రెండు గంటల్లో ఫలితం వస్తుంది. ఇదే పని చేసే ట్రూనాట్ అనే మిషను గోవాలో తయారవుతుంది, బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి చిన్న కేంద్రాల్లో కూడా పెట్టొచ్చు. ప్రైవేటులోనే చేయించుకోవాలనుకుంటే ఈ రెండు పేర్లలో ఒకటి చెప్పి అడగండి, అదీ తెమడ మీద.

బుధవారం సాయంత్రం రిపోర్టు వచ్చింది. టీబీ క్రిమి ఉంది, మోతాదు మధ్యస్థం, రిఫాంపిసిన్‌కు లొంగే రకం. మైక్రోస్కోపులో కూడా పాజిటివ్. సోమవారం మొదటగా పడిన ఆ ఉమ్మునే తీసుకుని ఉంటే నెగటివ్ అని వచ్చి ఉండేదేమో. అప్పుడు ఆమె చేతిలో రెండు నెగటివ్ కాగితాలు ఉండేవి.

మందులు, ఇల్లు, ఊరు

చికిత్స మామూలే కాబట్టి త్వరగా చెబుతాను. హెచ్‌ఐవీ నెగటివ్, షుగర్ లేదు, లివర్ బాగుంది. 41 కిలోల బరువుకు రోజుకు మూడు మాత్రలు, నాలుగు మందులు కలిసినవి, రెండు నెలలు. తర్వాత మూడు మందులు కలిసినవి నాలుగు నెలలు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది నెత్తురు కాదు అని ముందే చెప్పాను, చెప్పకపోతే మూడో రోజే మానేస్తారు. టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు, నిక్షయ్ పోర్టల్లో పేరు ఎక్కించాం. టీబీ రోగి వివరాలు ప్రభుత్వానికి తెలపడం 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లకూ తప్పనిసరి. పోషణ కోసం నెలకు వెయ్యి రూపాయలు ఆమె కదిరి బ్యాంకు ఖాతాకే వేస్తారు, 2024 నవంబరుకు ముందు అది 500 ఉండేది.

పని దగ్గర పెద్ద చిక్కు. "టీబీ అంటే రేపే తీసేస్తారు మేడం, కుర్రోళ్లు ఖాళీ చేస్తారు" అని ఏడ్చింది. టీబీ అన్నం వల్ల రాదు, గిన్నెల వల్ల రాదు, దగ్గినప్పుడు గాలిలోకి వచ్చే తుంపర్ల వల్ల, మూసిన గదిలో చాలాసేపు కలిసి ఉంటే వస్తుంది. మందు సరిగ్గా వేసుకుంటే రెండు వారాల్లోనే అంటించే గుణం బాగా పడిపోతుంది. రెండు వారాలు సెలవు పెట్టమన్నాను, సర్టిఫికెట్లో ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ అని రాశాను, అది నిజమే కాబట్టి. ఓనరుతో ఆమె "నిమ్ము చేరింది" అని చెప్పుకుంది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ ఆ గాలి ఆడని వంటగదిలో రోజుకు పది గంటలు పక్కనే నిలబడే సహాయకురాలి సంగతి వదిలేయడానికి లేదు. ఆ అమ్మాయికి ఎలా చెప్పాలా అని నేను రెండు రోజులు ఆలోచిస్తుండగా రమణమ్మే చెప్పేసింది, తనే వెంటబెట్టుకుని అదే వెనక వరండాకు తీసుకెళ్లింది. ఆ అమ్మాయికి ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. భర్తకు కూడా జబ్బు లేదని తేలాక వారానికొకసారి చొప్పున పన్నెండు వారాలు వేసుకునే నివారణ మందు మొదలుపెట్టారు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది పాప. దసరా సెలవులకని బెంగళూరు తెచ్చుకుని పది రోజులు ఆ ఒంటి గదిలో పక్కలో పడుకోబెట్టుకుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు అంటితే మెదడు పొరలదాకా వెళ్లే ప్రమాదం ఉంటుంది, ఆలస్యం పనికిరాదు. ఊరికి ఫోన్ చేస్తే అత్తగారు గొల్లుమంది. వాళ్ల వైపు పెద్దవాళ్లకు టీబీ అంటే ఇప్పటికీ ఆరోగ్యవరమే గుర్తొస్తుంది. మదనపల్లె దగ్గర 1915లో మొదలైన పెద్ద క్షయ ఆసుపత్రి అది, దక్షిణ దేశమంతటి నుంచి రోగులు వచ్చి నెలల తరబడి అక్కడే ఉండేవాళ్లు. "ఆరోగ్యవరం పంపిస్తారా కోడల్ని?" అని ఆ పెద్దావిడ అడిగింది. పంపరమ్మా, ఇంట్లోనే ఉండి మాత్రలు వేసుకుంటే నయమవుతుంది, మద్రాసులో 1956లో మొదలుపెట్టి చేసిన పరిశోధనతోనే అది తేలిపోయింది, మంచం పట్టి శానిటోరియంలో ఉన్నవాళ్లూ, ఇంట్లో ఉండి మందు వేసుకున్నవాళ్లూ ఒకేలా కోలుకున్నారు అని చెప్పాను. ఎంతవరకు నమ్మిందో తెలియదు, కోడలి కంచం వేరు చేయాల్సిన పని లేదని మాత్రం ఒప్పుకుంది. పాపను కదిరిలో చూపించారు. జబ్బు లేదు. బరువును బట్టి ఐసోనియాజిడ్ ఆరు నెలలు ఇవ్వాలన్నారు. మూడో నెలలో ఒక వారం తప్పింది, పాప ఉమ్మేస్తోందని. బెల్లంపాకంలో కాదమ్మా, కొంచెం నీళ్లలో నలిపి ఇవ్వండి అని ఫోన్లో చెప్పి మళ్లీ దారిలో పెట్టాం.

సంక్రాంతికి రెండు రోజుల ముందు రెండు నెలల తెమడ పరీక్ష, నెగటివ్. ఊరికి పోయి పది రోజులుంటానంటే ఆ పది రోజుల మందు చేతికిచ్చారు. ఎక్కువ రోజులైతే నిక్షయ్ ఐడీ మీద కేసును ఆ జిల్లాకు మార్చవచ్చు, మందు అక్కడే ఇస్తారు. వలస పనివాళ్లు ఊరికి పోయి మందు ఆపేయడానికి మొదటి కారణం ఇది తెలియకపోవడమే అని నా అనుభవం.

అరవై ఏళ్ల కిందటి మాట

ఈ కేసు తర్వాత నేను పాత కాగితాలు కొన్ని తిరగేశాను. మన బెంగళూరులోనే, బళ్లారి రోడ్డులో, నేషనల్ ట్యూబర్‌క్యులోసిస్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1959లో పెట్టారు. అది ముఖ్యంగా శిక్షణ, పరిశోధన చేసే సంస్థ. ఫోన్లో "టీబీ బెంగళూరు" అని కొడితే దాని పేరు ముందు వస్తుంది కానీ దగ్గుతో ఉన్న మనిషి మొదట వెళ్లాల్సిన చోటు తన ఇంటి దగ్గరి ఆరోగ్య కేంద్రం. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సెన్ అనే ఇద్దరు తుమకూరు జిల్లాలో టీబీ ఉన్నవాళ్లతో మాట్లాడి 1963లో ఒక అధ్యయనం అచ్చువేశారు. పల్లె జనానికి జబ్బు స్పృహ ఉండదు, వాళ్లంతట వాళ్లు ఆసుపత్రికి రారు అని అప్పట్లో అందరూ అనుకునేవాళ్లు. వీళ్లు చూస్తే, తెమడలో క్రిమి ఉన్నవాళ్లలో చాలామందికి తమకేదో అయిందని తెలుసు. దాదాపు సగం మంది అప్పటికే ఆసుపత్రి గడప తొక్కారు. వాళ్లకు దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారు.

రమణమ్మ ఎన్ని గడపలు తొక్కిందో లెక్కపెట్టాను. మెడికల్ షాపు, క్లినిక్, ల్యాబు, నేను, పెద్ద ఆసుపత్రి రెండుసార్లు, మళ్లీ నేను. ఏడు. ఆమెకు అవగాహన లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు నేనేం చేస్తున్నాను

చీటీ మార్చాను. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, తెమడలో నెత్తురు, వీటిలో ఏదున్నా ఇచ్చే అర పేజీ కాగితం అది, ఒకవైపు తెలుగు, రెండోవైపు కన్నడం. కేంద్రం పేరు, నీళ్ల ట్యాంకు పక్క సందు అన్న గుర్తు, తొమ్మిదిన్నర నుంచి పదకొండులోపు వెళ్లాలి, ఓపీ లైను వద్దు, వెనక వరండాలో మూడో తలుపు. అక్కడ చెప్పాల్సిన మాట తెలుగు అక్షరాల్లోనే రాశాను: "కఫ పరీక్షె మాడిసబేకు", అంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి అని. టీబీ కార్యక్రమం వాళ్ల ఫారం నా దగ్గరే నింపి దానికి పిన్ను కొట్టి ఇస్తున్నాను. అడుగున, డబ్బు ఏమీ కట్టక్కర్లేదు అన్న ఒక్క లైను. ఉమ్ముకూ తెమడకూ తేడా నోటితో చెబుతున్నాను, దగ్గి చూపించి మరీ. మూడో రోజు మా రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసి వెళ్లారా అని అడుగుతుంది. వెళ్లలేదంటే ఎందుకో రాసుకుంటుంది. ఎక్కువగా వచ్చే జవాబు లీవు దొరకలేదనే. అలాంటివాళ్లకు తెమడ గొట్టం మా దగ్గరే ఇచ్చి పొద్దున తెమ్మని, కేంద్రానికి మేమే చేరుస్తున్నాం, ల్యాబావిడ ఒప్పుకుంది.

వేరే ఏరియాల్లో ఉన్నవాళ్లు అడుగుతుంటారు కాబట్టి అది కూడా రాస్తాను. మీ ఇంటి దగ్గరి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గానీ నమ్మ క్లినిక్ అనే చిన్న ప్రభుత్వ క్లినిక్ గానీ మొదటి గడప, అక్కడ పరీక్ష లేకపోతే ఎక్కడుందో వాళ్లకు తెలుస్తుంది. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో, ప్రైవేటువైనా సరే, టీబీ కార్యక్రమం తరఫున ఒక కేంద్రం సాధారణంగా ఉంటుంది. నిమ్హాన్స్ దగ్గరి రాజీవ్ గాంధీ ఛాతీ వ్యాధుల సంస్థ ప్రభుత్వానిది, మొండి టీబీ, క్లిష్టమైన కేసులకు నేను అక్కడికి పంపుతాను. మెడలో గడ్డలు, ఊపిరితిత్తి చుట్టూ నీరు లాంటి వాటికి తెమడ పనికిరాదు, సూదితో తీసిన నమూనాను సీబీనాట్‌కు పంపాలి, దానికి పెద్ద ఆసుపత్రే కావాలి. ఏదీ తోచకపోతే 1800-11-6666. వెళ్లేముందు ఆ రోజు ల్యాబు తెరిచి ఉంటుందా, నమూనా ఎన్నింటిదాకా తీసుకుంటారు అని తప్పకుండా అడగండి.

రమణమ్మకు మే నెల మధ్యలో మందులు పూర్తయ్యాయి. చివరి తెమడ నెగటివ్, బరువు 47. కుడివైపు ఎక్స్‌రేలో చిన్న మచ్చ మిగిలింది, అది పాత గాయం గుర్తు, దానికి మందు అక్కర్లేదని చెప్పాను. పీజీ వంటగదికి కొత్త ఎగ్జాస్ట్ ఫ్యాను వచ్చింది, ఆమే పట్టుబట్టి వేయించుకుంది. మందు ఆపాక రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి చూడాలి. మొదటిది నవంబరులో. తేదీ చీటీ మీద రాసిచ్చాను, తొమ్మిదిన్నరకు, మూడో తలుపు.